గాలం కబుర్లు: చిన్న పడవ, ప్రైవేట్ చెరువు, పెద్దనోటి బాస్

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే గోల. అమెరికాలో కాలనీ చెరువు పక్కన ఇల్లు కొనుక్కున్నవాళ్లు, ఫామ్‌లో చెరువు ఉన్న బంధువులు దొరికినవాళ్లు, ఓ 12 అడుగుల అల్యూమినియం పడవ సంపాదించి బాస్ (లార్జ్‌మౌత్, అంటే పెద్దనోటి బాస్) అనే వేటచేప కోసం గాలం పట్టారు. మంచిదే. అడిగిన ప్రశ్నల్లో మాత్రం రాడ్ ఏది, రీల్ ఏది, ఎర ఏ రంగు అన్నవే ఎక్కువ. చెరువు సంగతి అడిగినవాళ్లు ఇద్దరో ముగ్గురో. వాళ్లకి కాస్త ఎక్కువ రాశాను, మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు.

ప్రశ్న: మా కాలనీ వెనక 15 ఎకరాల ప్రైవేట్ లేక్ ఉంది సర్. పోయిన ఏడాది చిన్న జాన్ బోట్ (అడుగు చదునుగా ఉండే పడవ) కొన్నాను. రాడ్లు నాలుగు, డబ్బా నిండా ఎరలు. శని, ఆదివారాలు చీకటితోనే వెళ్తాను. గట్టు మీద కూర్చుని మా పదేళ్లవాడు పట్టినన్ని కూడా పడవలో నాకు పడట్లేదు. ఎక్కడ తప్పు చేస్తున్నాను? (జార్జియా)

జవాబు మీ ఉత్తరంలోనే ఉందండి. మీవాడు గట్టు దగ్గర వేస్తున్నాడు, మీరు పడవ ఉంది కదా అని నడిమధ్యకి వెళ్లిపోతున్నారు. పడవ కొన్న ప్రతివాడూ మొదటి ఏడాది చేసే పనే ఇది, నేనూ చేశాను. అంత చిన్న చెరువులో బాస్ ఏడాదిలో ఎక్కువ కాలం ఒడ్డుకి దగ్గరలోనే ఉంటుంది, నడిమధ్య నీళ్లలో దానికి పనేమీ లేదు. మనకి తెలిసిన చేపల్లో దాని బుద్ధికి దగ్గరగా వచ్చేది కొర్రమీను. తరుముకుంటూ వేటాడే రకం కాదు, చాటున నక్కి, ఎదురుగా వచ్చినదాన్ని ఒక్క నోటితో లోపలికి లాగేసే రకం. కాబట్టి చాటు ఎక్కడుందో అక్కడ వెతకండి: నీళ్లలో పడిపోయిన చెట్టు, పక్కింటివాళ్ల డాక్ (పడవ కట్టుకునే చెక్క వంతెన) కింద నీడ, నాచు ఆగిపోయి లోతు మొదలయ్యే అంచు, కట్టకి పేర్చిన రాళ్లు, వాగు వచ్చి కలిసేచోటు. పడవ ఎందుకంటే, గట్టు మీద నిలబడినవాడికి అందని ఈ చాట్ల దగ్గరకి చేరడానికి. మీరు లోతు వైపు ఉండి గట్టు వైపుకి విసరండి. ఇంకా మంచిది, నాచు అంచు వెంబడే, గట్టుకి సమాంతరంగా విసరండి. అప్పుడు మీ ఎర విసిరినంత దూరమూ చేప ఉండేచోటే తిరుగుతుంది, లేకపోతే రెండడుగులు పనికొచ్చి మిగతాదంతా వట్టి నీళ్లలో ఈత కొట్టి వస్తుంది.

రెండో తప్పు మీరు రాయలేదు గానీ నేను ఊహించగలను. చప్పుడు. అల్యూమినియం పడవ అంటే నీళ్ల మీద పెట్టిన డప్పు. చేప ఒంటి పక్కన తల నుంచి తోక దాకా ఒక గీత ఉంటుంది, నీళ్లలో చిన్న కదలికని కూడా దాంతో పసిగడుతుంది, పైగా నీళ్లలో శబ్దం గాల్లో కంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా పోతుంది. మీ చేతిలోంచి పట్టకారు జారి పడవ అడుగున ఖంగుమంటే ఆ చుట్టుపక్కల చేపలన్నిటికీ మీరొచ్చారని తెలిసిపోయినట్టే. పాత కార్పెట్ ముక్కో, పిల్లలు ఆడుకునే రబ్బరు చాపో కోసి అడుగున పరవండి. తెడ్డు పడవ అంచుకి తగలకుండా తాడు చుట్టండి. లంగరు విసరకండి, చేత్తో దించండి. అనుకున్న చోటుకి 40, 50 అడుగుల దూరంలోనే మోటారు ఆపి, గాలి ఎటు తోస్తుందో చూసుకుని, పడవని దానికే వదిలేసి ఒకటి రెండు నిమిషాలు ఊరికే కూర్చోండి. ఈ ఊరికే కూర్చోవడం చాలామందికి చేతకాదు.

మూడోది, ఎర పడ్డాక చూపు. ఐదంగుళాల మెత్తటి ప్లాస్టిక్ పురుగుని సరిగ్గా నడుం దగ్గర ముల్లుకి గుచ్చి, బరువు ఏమీ కట్టకుండా విసరండి. అది రెండు కొసలూ వణుకుతూ మెల్లగా దిగుతుంది. మీరు రీల్ ముట్టుకోకండి. లైన్ (గాలం దారం) నీళ్లని తాకేచోట మాత్రమే చూడండి. వదులుగా, కొంచెం వంపుగా పడి ఉంటుంది. ఆ వంపు ఒక్కసారి చిన్నగా ఎగిరిపడుతుంది, లేదా ఏమీ జరగనట్టే మెల్లగా పక్కకి జరగడం మొదలవుతుంది. చేతికి ఇంకా ఏమీ తెలియదు. అప్పటికే పురుగు చేప నోట్లో ఉంది. చేతికి తెలిసేదాకా ఆగితే అది నచ్చక ఉమ్మేస్తుంది. మీకు "పడట్లేదు" అనిపించిన రోజుల్లో కొన్నయినా ఇలా పడి, తెలియక పోయినవే అయ్యుంటాయి.

ప్రశ్న: మా ఆయనకి ఈత రాదు. ఆదివారం వస్తే తెల్లవారకముందే ఒక్కరే పడవ వేసుకుని వెళ్లిపోతారు. లైఫ్ జాకెట్ పడవలోనే ఉంటుంది గానీ వేసుకోరు, సీటు కింద పెట్టుకుంటారు. "ఇది సముద్రమా, చెరువే కదా" అంటారు. వచ్చేదాకా నాకు టెన్షన్. మీరు చెబితే వింటారని రాస్తున్నాను. (న్యూజెర్సీ)

మీరు ఈ పేజీ ఆయన టీ కప్పు పక్కన పెట్టండి. ఇక్కడి నుంచి ఆయనతోనే మాట్లాడతాను.

అయ్యా, అమెరికా కోస్ట్ గార్డ్ ఏటా పడవ ప్రమాదాల లెక్కలు వేస్తుంది. మునిగి చనిపోయినవాళ్లలో 80 శాతానికి పైగా లైఫ్ జాకెట్ ఒంటి మీద లేనివాళ్లే. సీటు కింద ఉంచుకున్నవాళ్లు కూడా ఆ లెక్కలోనే ఉంటారు. పడ్డాక వేసుకుందాం అనుకుంటారు, కానీ నీళ్లలో తేలుతూ ఆ బకిల్స్ పెట్టుకోవడం ఈత వచ్చినవాడికే గండం. మార్చి, ఏప్రిల్‌లో పైన ఎండ బాగుంటుంది, నీళ్లు మాత్రం మంచులా ఉంటాయి. చన్నీళ్ల ప్రమాదాల గురించి చెప్పేవాళ్లు 1-10-1 అంటారు: ఎగశ్వాస అదుపులోకి రావడానికి 1 నిమిషం, చేతులూ కాళ్లూ మన మాట వినేది ఓ 10 నిమిషాలు, స్పృహ తప్పడానికి 1 గంట. జాకెట్ లేనివాడు ఆ మొదటి నిమిషంలోనే నీళ్లు మింగేస్తాడు, గంట దాకా ఎక్కడ. బొజ్జకి అడ్డంగా ఉండి విసరడానికి ఇబ్బంది అంటారా, బెల్టులా పలచగా ఉండి నీళ్లలో పడగానే గాలి నిండే రకాలు ఉన్నాయి. ఈత రాదు కాబట్టి మీరు మాత్రం మామూలు నురుగు జాకెట్టే వేసుకోండి, దానిలో పాడయ్యే యంత్రం ఏమీ లేదు.

నిలబడి విసరకండి. 12 అడుగుల పడవలో నిలబడి, పెద్ద చేప లాగిందని ఒక్క అడుగు పక్కకి వేస్తే చాలు. లంగరు వెనక నుంచి ఒక్కదాన్నే కట్టకండి, వెనక భాగం చదునుగా, కిందికి ఉంటుంది కాబట్టి గాలికి అలలు అటునుంచే లోపలికి వస్తాయి. ముందు కట్టండి, పడవ తిరగకుండా ఉండాలంటే ఆ తర్వాత వెనక రెండోది. ఎప్పుడైనా పడితే పక్క నుంచి ఎక్కబోకండి, పడవ మీమీదే బోర్లా పడుతుంది, వెనక నుంచి ఎక్కాలి. ఫోన్ నీళ్లు పోని సంచిలో జేబులో ఉండాలి, పడవలో కాదు. ఎన్నింటికి వస్తారో ఇంట్లో చెప్పి వెళ్లండి, ఆవిడ అడిగేది అంతకంటే ఎక్కువేమీ కాదు.

నేనేదో అన్నీ తెలిసినవాణ్ణని చెప్పట్లేదు. ఒక నవంబరు పొద్దున పడవ దించి, ఉత్సాహంగా వంద గజాలు వెళ్లాక బూట్లు చల్లగా తగిలాయి. కిందికి చూస్తే చీలమండ దాకా నీళ్లు, వాటి మీద నా ఎరల డబ్బా మూత తేలుతోంది. అడుగున నీళ్లు పోవడానికి ఉండే రంధ్రం బిరడా పెట్టడం మర్చిపోయాను. అది కారులో, కప్పు పెట్టుకునే గుంతలో భద్రంగా ఉంది. ఒక చేత్తో రంధ్రంలో గుడ్డ కుక్కి ఇంకో చేత్తో తెడ్డు వేసుకుంటూ వచ్చాను. అప్పటి నుంచి ఆ బిరడాని పడవ తాళంచెవికి కట్టి ఉంచుతున్నాను.

ప్రశ్న: 12 అడుగుల పడవ, ఇద్దరం. మా లేక్‌లో పెట్రోల్ మోటారు నిషేధం, ఎలక్ట్రిక్ మాత్రమే. ఎంత పవర్ కొనాలి? షాపువాళ్లు ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు. (వర్జీనియా)

ఇలాంటి చిన్న ఎలక్ట్రిక్ మోటారుని ట్రోలింగ్ మోటారు అంటారు, దాని బలాన్ని థ్రస్ట్ (నెట్టే శక్తి) పౌండ్లలో కొలుస్తారు. మొత్తం బరువులో ప్రతి 100 పౌండ్లకి కనీసం 2 పౌండ్ల థ్రస్ట్ అన్నది మోటు లెక్క. పడవ, మీ ఇద్దరు, బ్యాటరీ, సామాను అన్నీ కలిపి 600 పౌండ్లు అనుకుంటే 12 వస్తుంది. అది గాలి లేని రోజు లెక్క. గాలికి ఎదురు రావాలి కాబట్టి 40 నుంచి 55 మధ్యలో తీసుకోండి, 12 వోల్టుల బ్యాటరీ ఒక్కటి సరిపోతుంది, అంతకు మించి మీ చెరువుకి దండగ.

అసలు డబ్బు పెట్టాల్సింది బ్యాటరీ మీద. కారు బ్యాటరీ వాడకండి, డీప్ సైకిల్ రకం (గంటల తరబడి కరెంటు ఇచ్చేది) కావాలి. 100 ఆంపియర్-అవర్ లెడ్ బ్యాటరీలో సగమే వాడుకోవాలి, అంతకంటే దించితే దాని ఆయుష్షు పోతుంది. 55 పౌండ్ల మోటారు ఫుల్ స్పీడులో దాదాపు 50 ఆంపియర్లు లాగుతుంది, అంటే గంటలో ఖాళీ. అదే సగం కంటే తక్కువ స్పీడులో పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా వస్తుంది, చేపలు పట్టేది ఎలాగూ ఆ స్పీడులోనే. లిథియం అయితే బరువు సగం, దాదాపు పూర్తిగా వాడుకోవచ్చు, ధర మాత్రం గుండె గుభేల్. బ్యాటరీ పక్కనే సర్క్యూట్ బ్రేకర్ పెట్టించండి. ఫ్యానుకి నాచో, లైనో చుట్టుకుని మోటారు బిగుసుకుంటే వైరు కాలిపోకుండా ఆపేది అదే. మోటారు వెనక ఉంటే బ్యాటరీని ముందుకో మధ్యకో జరపండి, లేదంటే పడవ ముక్కు పైకెత్తుకుని గాలికి బొంగరంలా తిరుగుతుంది.

పడవ లోపలి పక్కన ఎంతమంది, ఎంత బరువు అని రేకు మీద రాసి ఉంటుంది, చదవండి. ఎలక్ట్రిక్ మోటారు పెట్టినా చాలా రాష్ట్రాల్లో పడవ రిజిస్టర్ చేయించాలి, ప్రైవేట్ నీళ్లకి మినహాయింపు ఉందో లేదో మీ రాష్ట్ర వన్యప్రాణి శాఖ సైట్‌లో చూడండి. ఫిషింగ్ లైసెన్స్ సంగతీ అంతే. సొంత భూమిలో చెరువున్న యజమానికి, ఆయన ఇంట్లోవాళ్లకి చాలాచోట్ల మినహాయింపు ఉంటుంది, అతిథిగా వెళ్లిన మీకు ఉండాలని లేదు.

ప్రశ్న: మా బావగారి ఫామ్‌లో 4 ఎకరాల చెరువు. పదేళ్ల కిందట బాస్ పిల్లలు, వాటికి తిండిగా బ్లూగిల్ అనే చిన్నచేప పిల్లలు వేశారట. ఎప్పుడు వెళ్లినా గంటకి పది పడతాయి, అన్నీ 10, 11 అంగుళాలవే. పెరుగుతాయి కదా అని పట్టినవన్నీ జాగ్రత్తగా వదిలేస్తున్నాం, ఆరేళ్లయింది, ఇంతే. కొత్త బాస్ పిల్లలు తెచ్చి వేయమంటారా? (టెక్సస్)

వేయకండి! ఉన్నవాటికే తిండి లేదు.

ఈసారి పట్టినప్పుడు ఒకదాన్ని అరచేతిలో పక్కకి పడుకోబెట్టి చూడండి. తల ఒంటికి మించి పెద్దదిగా, పొట్ట లోపలికి పోయి, వీపు కత్తిలా సన్నగా ఉంటుంది. అది పిల్లచేప కాదు, ఆరేడేళ్ల ముసలిదై ఉండొచ్చు. ఆవుదూడలా వయసుతో పాటు పెరగడం చేపకి లేదు, దొరికిన తిండిని బట్టి పెరుగుతుంది, దొరక్కపోతే ఎక్కడిదక్కడే ఆగిపోతుంది. ఒక పౌండు బాస్ ఒళ్లు పెరగాలంటే సుమారు 10 పౌండ్ల చిన్నచేపలు దాని కడుపులోకి పోవాలని లెక్క. మీ చెరువులో వందలకొద్దీ బాస్ ఒకే సైజులో ఉన్నాయి, అన్నీ ఒకే సైజు బ్లూగిల్ పిల్లల కోసం కొట్టుకుంటున్నాయి.

ఇంకో గుర్తు. అక్కడ బ్లూగిల్ ఎలా ఉన్నాయి? చిన్న ముల్లుకి వానపాము గుచ్చి వేసి చూడండి. అరచేతి అంత వెడల్పువి, దిట్టమైనవి పడితే నా మాట ఖాయం: పిల్లల్ని బాస్ తినేస్తోంది కాబట్టి మిగిలిన ఆ కొన్ని బ్లూగిల్ హాయిగా పెరిగాయి. అలా కాకుండా మూడు నాలుగంగుళాల బ్లూగిల్ కుప్పలుగా పడి, బాస్ అరుదుగా, పెద్దదిగా పడితే వ్యవహారం తిరగబడినట్టు, అప్పుడు బాస్‌ని ముట్టుకోకూడదు. చెరువుని ఎండబెట్టకుండా, వల వేయకుండా పడిన చేపల్ని చూసే చెరువు లోపలి సంగతి చెప్పే ఈ విద్యకి అలబామాలో ఆబర్న్‌లో హోమర్ స్వింగిల్ అనే ఆయన పునాది వేశాడు, 1930లు, 40లలో చెరువుల్లో చేపల సమతూకం మీద పనిచేసి.

ఇక వదిలేయడం గురించి. పట్టి వదిలేయడం అనే అలవాటుని బాస్ టోర్నమెంట్లలో 1972లో రే స్కాట్ మొదలుపెట్టించాడు. వేలమంది గాలం వేసే పబ్లిక్ సరస్సుల్లో అది చాలా మంచి పని, ఆ చేప మళ్లీ ఇంకొకరికి దొరకాలి. అక్కడి నీతిని తెచ్చి మీ నాలుగెకరాల్లో పెడితే ఇలాగే అవుతుంది. అక్కడ మీరూ మీ బావగారూ తప్ప తీసేవాడెవడూ లేడు. చేలో కలుపు తీయకుండా పంట ఎదగలేదేమని అడిగినట్టుంది మీ ప్రశ్న, కోపం తెచ్చుకోకండి.

ఏం చేయాలంటే, 14 అంగుళాల లోపు బాస్ ప్రతిదాన్నీ బయటికి తీయండి. ఎకరాకి ఏడాదికి 10 నుంచి 15 పౌండ్లు తీయమంటారు, ఎరువు వేసి పోషించే చెరువైతే ఇంకా ఎక్కువ. మీ చెరువుకి 40 నుంచి 60 పౌండ్లు. మీవి బక్కవి, ఒక్కోటి అర పౌండు వేసుకుంటే 80 నుంచి 120 చేపలు. గంటకి పది పడుతున్నాయంటున్నారుగా, నాలుగైదు వారాంతాల పని. బ్లూగిల్ ఒక్కటి కూడా తీయకండి. ఒక నోట్‌బుక్ పెట్టి పొడవూ బరువూ రాయండి. ఆరోగ్యంగా ఉన్న 12 అంగుళాల బాస్ పౌండుకి కాస్త తక్కువ తూగుతుంది, 15 అంగుళాలది ఒకటీ ముప్పావు పౌండు దాటాలి. మీ అంకెలు వీటికి దగ్గరవుతుంటే దారిలో పడ్డట్టు. ఒక్క సీజన్‌లో అద్భుతం జరగదు, రెండు మూడేళ్లు పడుతుంది.

తీసినవి తినండి. తెల్లటి గట్టి కండ, చర్మం ఒలిచేస్తే బురద వాసన తగ్గుతుంది, పులుసుకి విడిపోకుండా నిలుస్తుంది. బాస్ వేటచేప కాబట్టి పాదరసం పేరుకుంటుంది, పెద్ద ముసలి చేపలో ఎక్కువ, చిన్నదానిలో తక్కువ. అంటే తీయాల్సిన సైజే తినడానికీ మంచిది, ఇలా కలిసిరావడం అరుదు. రాష్ట్రాలు నీళ్లవారీగా సూచనలు ఇస్తాయి. మీ చెరువుకి అలాంటి సూచన ఏదీ లేకపోతే వారానికి ఒక్కసారికి మించకుండా తినండి, ఆ వారం వేరే చేప వద్దు. గర్భిణులు, చిన్నపిల్లలు ఉంటే ముందు డాక్టర్‌ని అడగండి.

ప్రశ్న: ఒకే ఒక్క ఎర కొనాలంటే ఏది? (ఒహాయో)

పైన చెప్పిన మెత్తటి ప్లాస్టిక్ పురుగు, ఆకుపచ్చ గోధుమ కలిసిన రంగు. మీ రాష్ట్రంలోనే పుట్టింది ఆ పురుగు, ఆక్రన్‌లో నిక్ క్రీమ్ అనే ఆయన 1949లో వంటింట్లో పోత పోసి మొదలుపెట్టాడు. నాచు ఎక్కువుంటే ముల్లు మొన పురుగు ఒంట్లోకే దాగేలా గుచ్చితే చిక్కుకోదు, దాన్నే టెక్సస్ రిగ్ అంటారు. మిగతా డబ్బుతో మంచి లైన్ కొనండి.

ప్రశ్న: వసంతకాలంలో గూడు కట్టుకున్న బాస్‌ని పట్టడం తప్పా? నీళ్లలో కళ్ల ముందే కనిపిస్తుంది, కదలదు. (టెనెసీ)

నీళ్లు 60 ఫారెన్‌హీట్ దాటాక ఒడ్డు దగ్గర పళ్లెం అంత గుంత తవ్వి కాపలా ఉండేది మగ చేప. గుడ్లు పెట్టి ఆడది వెళ్లిపోతుంది, పిల్లలు ఈదడం నేర్చేదాకా మగదే తిండి మాని కాస్తుంది. మన కొర్రమీను పిల్లల్ని కాచినట్టే. అది ఆకలికి కాదు, ఎర గూట్లోకి వచ్చిందని కోపానికి కరుస్తుంది. మీరు దాన్ని ఎత్తి ఫొటో తీసుకునే రెండు నిమిషాల్లో బ్లూగిల్ గుంపు వచ్చి గూడు ఊడ్చేస్తుంది. చట్టం చాలాచోట్ల ఒప్పుకుంటుంది. పైన టెక్సస్ ఆయనలాంటి చెరువైతే గుడ్లు పోతే పోనీయండి, అక్కడ పిల్లలు తగ్గడమే కావాలి. మిగతాచోట్ల నేనైతే గూటి మీద వేయను, తెలిసీ తెలియని కోపంతో కరిచేదాన్ని పట్టి గొప్ప చెప్పుకోవడం నాకు సిగ్గుగా ఉంటుంది.

ప్రశ్న: మా కాలనీ అసోసియేషన్ వాళ్లు జులైలో చెరువు మొత్తం నాచుకి ఒకేసారి మందు కొట్టిస్తామంటున్నారు. శుభ్రంగా ఉంటుందని అందరూ సంతోషంగా ఉన్నారు. చేపలకి ఏమైనా అవుతుందా? (నార్త్ కరోలినా)

ఆపించండి. రాత్రంతా మొక్కలూ చేపలూ అన్నీ ఆక్సిజన్ తీసుకునేవే, తయారుచేసేది లేదు, అందుకే తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అడుగంటుతుంది. వెచ్చటి నీళ్లు అసలే తక్కువ పట్టి ఉంచుతాయి. అలాంటి జులైలో చెరువెడు నాచుని ఒకేసారి చంపితే అది కుళ్లుతూ ఉన్న కాస్తా లాగేస్తుంది, వారం తిరక్కుండా ఓ పొద్దున చేపలు నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి, ముందు పెద్దవి పోతాయి. మందు చేపకి విషం కాదని డబ్బా మీద రాసి ఉన్నా జరిగేది ఇదే. వసంతంలో, నీళ్లు చల్లగా ఉండగా, మూడో వంతు చొప్పున రెండు మూడు వారాల ఎడంతో కొట్టించండి. అంతా తీసేయకండి, ఓ ఐదో వంతు చెరువులో మొక్కలు ఉంటేనే బాస్‌కి చాటు, బ్లూగిల్ పిల్లలకి ప్రాణం. నాచు తినే గడ్డిచేపలు వేద్దామని ఎవరైనా అంటే చాలా రాష్ట్రాల్లో దానికి పర్మిట్ కావాలి.

ప్రశ్న: ప్రపంచ రికార్డు బాస్ జార్జియాదా, జపాన్‌దా? మా ఆఫీసులో పందెం. (జార్జియా)

పందెం డబ్బు ఇద్దరూ పంచుకోండి. 1932లో జార్జియాలో జార్జ్ పెర్రీ పట్టింది 22 పౌండ్ల 4 ఔన్సులు. 2009లో జపాన్ బివా సరస్సులో మనాబు కురిటా పట్టింది దానికంటే ఒక ఔన్సు లోపే ఎక్కువ తూగింది. పాత రికార్డు బద్దలు కావాలంటే కనీసం 2 ఔన్సులు ఎక్కువ ఉండాలన్నది నియమం కాబట్టి రెండూ సమానమే.

ప్రశ్న: ఈ చేప ఇంత బాగా పోరాడుతుంది, ఇంత బాగా పెరుగుతుంది. ఇండియా వెళ్లేటప్పుడు పిల్లలు కొన్ని తీసుకెళ్లి మా ఊరి చెరువులో వేస్తే ఎలా ఉంటుంది? (కాలిఫోర్నియా)

పై జవాబులో జపాన్ అన్నాను చూశారా, ఆ చేప అక్కడిది కాదు. 1925లో అమెరికా నుంచి తెచ్చి ఆషి అనే సరస్సులో వేశారు. తర్వాత దేశమంతా పాకింది, స్థానిక చిన్నచేపల్ని తినేసింది. 2005లో అమల్లోకి వచ్చిన చట్టంతో జపాన్ దాన్ని పెంచడం, ప్రాణంతో తరలించడం నిషేధించింది. ప్రపంచంలో అతి చెడ్డ 100 చొరబాటు జీవుల జాబితాలో దాని పేరుంది. మీ ఊరి చెరువులో జెల్లలూ పరిగెలూ ఉంటాయి, వాటికి ఈ నోరు కొత్త. తీసుకెళ్లడం ఎలాగూ నేరం. అమెరికాలోనే ఒక చెరువు నుంచి బకెట్లో ఇంకో చెరువుకి మార్చడం కూడా చాలాచోట్ల నేరమే. ఊళ్లో ఉన్న కొర్రమీనుకి గాలం వేయండి, పోరాటంలో అది బాస్‌కి ఏమాత్రం తీసిపోదు.

ప్రశ్న: మా పాప మొదటిసారి పట్టింది, మూడు పౌండ్లు! కింది పెదవి పట్టుకుని అడ్డంగా ఎత్తి ఫొటో దిగింది. అలా పట్టుకోకూడదని ఒకాయన కసిరాడు. నిజమా? (ఇల్లినాయ్)

నిజమేగానీ కసరక్కర్లేదు. పెదవి పట్టుకుని నిలువుగా వేలాడదీస్తే పర్వాలేదు. అడ్డంగా ఎత్తితే ఒంటి బరువంతా దవడ కీలు మీద పడుతుంది, పెద్ద చేపకి ఆ కీలు దెబ్బతింటే తర్వాత తినలేదు. అడ్డంగా ఫొటో కావాలంటే రెండో చెయ్యి పొట్ట కింద పెట్టాలి. చేతులు ముందు నీళ్లలో తడుపుకోవాలి, పొడి చెయ్యి దాని ఒంటి మీద జిగురు పొర ఊడ్చేస్తుంది. కెమెరా సిద్ధంగా పెట్టుకుని, అప్పుడు చేపని నీళ్లలోంచి ఎత్తాలి. ముల్లు గొంతు లోపలికి దిగి ఉంటే లాగి చీల్చకుండా లైన్ దగ్గరగా కోసి వదిలేయండి. మూడు పౌండ్లంటే అది ఆడ చేపే అయ్యుండొచ్చు, బాగా పెద్దవి దాదాపు అన్నీ ఆడవే, ఆ మాట పాపకి చెప్పండి. ఫొటో పంపారు కదా, వచ్చే సంచికలో వేస్తాం.